తార్నాక ఎత్తులో అమ్మ సరిచేసిన డిస్ట్రిబ్యూటర్

నేను ఐదో తరగతి చదివే రోజులు... ఓ ఆదివారం పొద్దున అమ్మ కొంగు నడుముకు బిగించి, మా పాత కారు బానెట్ కిందికి సగం దాకా వంగింది. పక్కనే బోర్లించిన బకెట్ మీద మెకానిక్ మల్లేశం కూర్చున్నాడు. కుడిచేతికి పిండికట్టు...

అప్పుడు మేం యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న చరిత్ర పాఠాలు చెప్పేవారు. రిటైరై ఊరెళ్ళిపోతున్న ఓ ప్రొఫెసర్ గారి దగ్గర కొన్న కారు అది. వయసులో నాకంటే చాలా పెద్దది. నాన్నకు నడపడం రాదు, నేర్చుకోవాలనీ లేదు. సరదా అంతా అమ్మదే.

అమ్మ మౌలాలిలో ఒక స్కూల్లో టీచరు. రెండు బస్సులు మారాలి. అందుకే సెలవు రోజుల్లో, ఖాళీగా ఉండే క్యాంపస్ రోడ్ల మీద డ్రైవింగ్ నేర్చుకుంది. నేర్పింది మల్లేశమే. అడిక్‌మెట్‌లో అతనికో చిన్న రేకుల షెడ్డు ఉండేది.

మొదటిసారి లైసెన్సు పరీక్షకు వెళ్తే, ఎత్తు మీద బండి ఆపి మళ్ళీ కదలమన్నారట. కారు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. అలా మూడుసార్లు... "ఇంకా బాగా నేర్చుకుని రండమ్మా" అన్నాడట ఇన్‌స్పెక్టరు. ఆ సాయంత్రం అమ్మ కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

నాన్న ఓదార్చబోయి ఇంకా నొప్పించారు.

"పోనీలేవే... అందరికీ అన్నీ రావాలని ఎక్కడుంది? హబ్సిగూడలో ఎవరో కారు అడుగుతున్నారు, ఇచ్చేద్దాం."

"ఇంకొక్కసారి వెళ్తానండీ. ఈసారీ ఆగిపోతే మీ ఇష్టం" అంది అమ్మ.

ఆ రెండో పరీక్ష సోమవారం. ముందురోజు మల్లేశం వచ్చి, ఇంజన్ స్టార్ట్ చేయించి, కళ్ళు మూసుకుని విన్నాడు.

"మీ నడుపుడుల తప్పేం లేదమ్మా. టైమింగ్ తప్పింది. గందుకే గుంజుతలేదు."

 అమ్మ అతని పిండికట్టు వైపు చూసింది. "మరి ఎవరు చేస్తారు మల్లేశం గారూ?"

"మీకు రెండు చేతులున్నయ్ గద! నేను నోటితోని చెప్త."

ఇంజన్ పక్కన గుండ్రటి నల్ల మూత... దాంట్లోంచి ఐదు లావుపాటి వైర్లు. అదే డిస్ట్రిబ్యూటర్. అమ్మ మూత తీసి, లోపల నల్లబడిన చిన్న పాయింట్లను ఉప్పుకాగితంతో రుద్ది, వాటి మధ్య ఎంత సందు ఉండాలో మల్లేశం తెచ్చిన సన్నని రేకు పెట్టి కొలిచింది. మూత పెట్టేశాక ఇంజన్ స్టార్ట్ చేసి, కింద బోల్టును పానాతో కాస్త వదులు చేసింది.

"ఇగ ఆ డబ్బను పట్టుకొని జర గిటు తిప్పుండ్రి. ఎక్కువ గాదు... బియ్యపు గింజంత. నిప్పు పడే టైముకు పడాలె. ముందుగాల పడితే ఇంజన్ టకటక కొట్టుకుంటది. ఎన్కకు పడితే బండి గుంజది."

అమ్మ తిప్పింది. చప్పుడు బరువెక్కింది. మళ్ళీ వెనక్కి తిప్పింది... గరగరమన్నది. ఇంతలో చెయ్యి ఓ వైరుకు తగిలి "అమ్మో!" అని గెంతింది. నేను భయపడ్డాను గానీ, అమ్మ చెయ్యి విదిలించుకుని పకపకా నవ్వింది.

"షాక్ కొట్టిందా? అయితే పని ఒచ్చినట్టే" అన్నాడు మల్లేశం.

చివరికి ఎక్కడో ఒకచోట ఆ చప్పుడు మెత్తబడింది. "ఆఁ... గదే! గా సప్పుడు చెవుల పెట్టుకోండ్రి" అన్నాడతను. అమ్మ బోల్టు బిగించింది.

సోమవారం పొద్దున అమ్మ, నాన్న, నేను, నడపడం వచ్చిన పక్కింటి మాస్టారు... నలుగురం బయల్దేరాం. క్యాంపస్ దాటి తార్నాక వైపు ఎత్తు ఎక్కుతుండగా, ఇంజన్లోంచి టకటకా శబ్దం!

అమ్మ కారును పక్కకు తీసి ఆపింది. బోల్టు సరిగ్గా బిగిసినట్టు లేదు, డిస్ట్రిబ్యూటర్ తిరిగిపోయింది. అక్కడ మల్లేశం లేడు. పరీక్షకు టైమవుతోంది. బస్టాపులో జనమంతా మావైపే చూస్తున్నారు.

"ఆటోలో ఇంటికి వెళ్ళిపోదామా?" అన్నారు నాన్న మెల్లగా.

అమ్మ డిక్కీలోంచి పానా తీసింది. పట్టుచీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని బానెట్ ఎత్తింది. ఇంజన్ నడుస్తుండగానే బోల్టు వదులు చేసి, తల ఓ పక్కకు వంచి, డిస్ట్రిబ్యూటర్‌ను వేళ్ళతో కదుపుతూ వినసాగింది... పక్కనే బస్సులు హారన్లు కొడుతున్నాయి. ఆ గోలలో ఆవిడకు ఏం వినిపించిందో మరి... ఉన్నట్టుండి చెయ్యి ఆపింది.

"ఏమండీ, దీన్ని ఇలాగే పట్టుకోండి. కదపకండి!"

చేతికి మసి అంటనివ్వని మా నాన్న, తెల్ల చొక్కాతో వంగి పట్టుకున్నారు. అమ్మ పానా మీద బరువంతా వేసి బిగించింది.

పరీక్షలో మళ్ళీ, మొదటిసారి కారు ఆగిపోయిన ఎత్తే. ఆపమన్నారు, ఆపింది. కదలమన్నారు... కారు చిన్న కుదుపైనా లేకుండా ఎక్కేసింది. బయట నిలబడి చూస్తున్న నాన్న, నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకున్నారు.

తిరిగొస్తూ హబ్సిగూడలో టిఫిన్‌కు ఆగాం. కారు అమ్మే మాట నాన్న మళ్ళీ ఎత్తలేదు. పైగా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ, "మధ్యలో ఇంజన్ నేనే పట్టుకున్నాను తెలుసా" అని చెప్పుకునేవారు! నేను డిగ్రీ పూర్తి చేసేదాకా అమ్మ ఆ కారులోనే మౌలాలి వెళ్ళొచ్చింది.

ఇప్పుడు నా కారు బానెట్ ఎత్తితే పెద్ద ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది, అంతే. ఏం తేడా వచ్చినా కంప్యూటరే చెబుతుంది. హాయిగానే ఉంది, కాదనను... కానీ అది ఎప్పుడైనా మొరాయిస్తే ఫోన్ చేసి ఎదురుచూడటమే తప్ప, చెవి పెట్టి వినడం నాకు రాదు.

మీ ఇంట్లో ఇలా ఏదైనా మొండికేస్తే ముందుగా చెయ్యి పెట్టింది ఎవరు? అమ్మమ్మా, అత్తయ్యా, బాబాయా? వాళ్ళ గురించి రెండు ముక్కలు రాయండి... తీరిగ్గా కూర్చుని చదువుకుంటాను.