ఆమె దిగని స్టేజీ

ఎనభైలల్ల నేను భద్రాచలంల హాస్టల్‌ల ఉండి చదువుకున్న. ఆ ఊర్ల నాకు తెలిసినోళ్లు ఒక్కరు లేరు. ఓ సాయంత్రం పాల్వంచ కాడ ఎంతసేపు చూసినా బస్సు రాలే. చేతిల బస్సు పాసున్నా పనికిరాక, భద్రాచలం పోయే జీపెక్కిన.

జీపు నిండా మగోళ్లే. నేను కాక ఆడమనిషంటే నా పక్కన కూసున్న కోయ ముసలామె ఒక్కతే. ఒళ్లె చింతపండు గంప. ఆమె ఊకె నా దిక్కే చూస్తుంటే తిక్క లేసి, సంచి దగ్గరికి గుంజుకొని మొఖం తిప్పుకున్న.

అడవిల ఒక స్టేజీ కాడ డ్రైవర్ జీపాపిండు.

"దిగవ్వా, మీ ఊరొచ్చింది."

ఆమె కదల్లే. "పోనియ్" అన్నది.

"మళ్ల ఎట్లొస్తవ్?"

"నడుస్త. ఈ పిల్ల దిగినంక దిగుత."

గోదారి వంతెన దాటి హాస్టల్ ముందట ఇద్దరం దిగినం. నేను నోరు తెరిచేలోపే ఆమె గంప నెత్తిన పెట్టుకొని, వచ్చిన తొవ్వనే ఎనక్కి నడిచింది.

తర్వాత పైచదువుకు పరాయి దేశం పోయిన. అక్కడ బస్సుల ఎవరన్న ఆడపిల్ల ఒక్కతే మిగిలితే, నా స్టేజీ వచ్చినా దిగకపోయేదాన్ని.

ఆ పిల్ల నా దిక్కు అనుమానంగ చూసి, సంచి దగ్గరికి గుంజుకునేది.