పాప కళ్ళలో పుసి

పురుడు స్నానం అయిన మర్నాడు పొద్దున పాప రెండు కళ్ళూ అతుక్కుపోయి కనిపించాయి. రెప్పలు ఉబ్బి, అంచుల వెంట పచ్చటి పుసి. నేను అప్పుడు కాన్పుకని జాలరిపేటలో పుట్టింట్లో ఉన్నాను.

“పసిపిల్లలకి పుసులు మామూలేనే. నీ పాలు రెండు సుక్కలు పిండు, పోద్ది,” అంది అమ్మ.

పాలు పిండాను. మందుల షాపువాడిచ్చిన కళ్ళ మందూ వేశాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఊరేది. కొన్నాళ్ళకు దగ్గు మొదలైంది. జ్వరం లేదు, కానీ ఊపిరి తిప్పుకోనివ్వని దగ్గు. పాలు తాగలేక పాప కందిపోయేది.

పిల్లల డాక్టరమ్మ పాప కంటి రెప్ప లోపల దూదిపుల్లతో తుడిచి, దాన్ని పరీక్షకు పంపింది. రిపోర్టు వచ్చిన రోజు అమ్మను బయట కూర్చోబెట్టి తలుపు వేసింది.

“ఇది క్లమీడియా అనే సూక్ష్మజీవి. కాన్పులో మీ నుంచి పాపకు అంటింది.”

“నాకే రోగమూ లేదు మేడం.”

“లేనట్టే ఉంటుందమ్మా.”

అది మన కణాల్లో దూరి, అక్కడే పెరిగి, ఆ కణాన్ని పగలగొట్టుకుని పక్కదానిలోకి పోతుందట. గర్భసంచి ముఖద్వారంలో నొప్పి తెలియకుండా నెలల తరబడి ఉండిపోగలదట. బిడ్డ బయటికొచ్చే దారిలో కళ్ళకు అంటుతుంది, ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. వదిలేస్తే నాలోనూ పైకి పాకి, గర్భనాళాలు మచ్చకట్టి మూసుకుపోవచ్చట.

“పాపకు కడుపులోకి మందు పట్టాలి. మీరూ మీవారూ మాత్రలు వేసుకోవాలి. ఇది కలయికతో అంటేది,” అంది గొంతు తగ్గించి.

నా జీవితంలో ఇంకో మగాడు లేడు. అయినా తల ఎత్తలేకపోయాను. నా ఒంట్లోంచే నా బిడ్డకు ఇంత బాధ వచ్చిందన్నది మింగుడుపడలేదు.

“ఏటన్నాది డాక్టరమ్మ?” బయట అమ్మ అడిగింది.

“జలుబు కళ్ళకెక్కిందంట,” అన్నాను.

మా ఆయన పోర్టులో క్రేను నడుపుతాడు. డ్యూటీ దిగి మల్కాపురం నుంచి వచ్చాక, అమ్మ లేనప్పుడు చెప్పాను. పాపనే చూస్తూ అన్నాడు.

“పెళ్ళికి ముందు... తప్పు సేసాను. నాకేటీ అవ్వనేదు. ఏదైనా ఉంటే తెలుత్తాది కదా అనుకున్నాను.”

“నాలో ఉందని నాకు తెలిసిందేటి?” అన్నాను. అరవాలనుకున్నాను, పక్కింటివాళ్ళు వింటారని నోరు నొక్కుకున్నాను. అప్పుడు కూడా సిగ్గుపడింది నేనే.

తెలిసినవాళ్ళు చూస్తారని మందులకు ఊరు చివరి షాపుకు వెళ్ళాడాయన. మాత్రలు నేనూ వేసుకున్నాను, ఆయనా నా ఎదుటే వేసుకున్నాడు. మందు పడ్డాక పాప కళ్ళు తేటపడ్డాయి, దగ్గు నెమ్మదించింది. ఆకలిగా పాలు తాగుతూ అది మొదటిసారి నా ముఖంలోకి నిలకడగా చూసినప్పుడు, నేనే చూపు తిప్పుకున్నాను.

తర్వాత మా ఇద్దరికీ చేసిన పరీక్షల్లో ఏమీ లేదని వచ్చింది. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. పాపకిప్పుడు నడక వచ్చింది. అమ్మకు మాత్రం నిజం ఇంకా చెప్పలేదు.