నంద్యాల బస్సులో దర్జాగా కూర్చుని వెళ్లిన సంచి

ఈ పొద్దున నంద్యాల బస్సు మా కోయిలకుంట్ల స్టాండులోకి రాగానే, అలవాటు కొద్దీ సీటు కోసం కిటికీలోంచి సంచి వేశాను. మా అమ్మాయి హాల్ టికెట్ అందులోనే ఉంది. తోపులాటలో మేమిద్దరం ఎక్కలేకపోయాం. బస్సు వెళ్లిపోయింది.

"పదికే పరీక్షమ్మా!" అని పిల్ల ఏడుపు. ఆటోలో స్టేషనుకు ఉరికి, కొత్త లైను మీద నడిచే రైలెక్కాం. పెట్టె సగం ఖాళీ. అయినా కూర్చోబుద్ధి కాక నంద్యాల దాకా తలుపు దగ్గరే నిలబడ్డాం.

మేం బస్టాండు చేరిన కాసేపటికి ఆ బస్సు ఫుట్‌బోర్డు మీద జనం వేలాడుతూ వచ్చింది. లోపల కిటికీ పక్కన నా సంచి ఒక్కటే దర్జాగా కూర్చుని ఉంది! పక్కన ఒక పెద్దాయన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"సంచి పక్కకు పెట్టి కూసోవచ్చు కదా పెద్దాయనా?"

"సీటు పెట్టుకున్యారు గదమ్మా, ఎట్ల కూసునేది?"

సంచి తీసుకుని ఉరికితే, పరీక్ష కేంద్రం గేటు మూసేలోపే అమ్మాయి లోపలికి వెళ్లింది.

సాయంత్రం తిరుగు రైలు ఆగగానే, కిటికీ ఊచల్లోంచి సీటు మీదికి రుమాలు వేయబోయాను. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, రైలంతా ఖాళీగానే ఉండాది!"

అలవాటు మానలేని నాలాంటి వాళ్లుండగా ఎన్ని కొత్త రైళ్లు వేస్తే ఆ బస్సు ఖాళీ అవుతుంది, మీరే చెప్పండి.