కొంగకు మొలిచిన కొమ్ము

మా అమ్మ తమ్ముణ్ణి చుట్టాలంతా పోలికల మామయ్య అంటారు. ముప్పై ఏళ్లు ట్రేడ్‌మార్క్ ఆఫీసులో ఒక పేరు పక్కన ఇంకో పేరు పెట్టి చూడడమే ఆయన ఉద్యోగం. పోలిక కనిపిస్తే చాలు, ఫైలు చివర ఒకటే వాక్యం రాసేవాడు: "కొనేవాడు మోసపోతాడు." రిటైరయ్యాక ఆ చూపు చంటిపిల్లల ముక్కుల మీద పడింది. ఎవరి పోలికో తేల్చి, మొగుడూ పెళ్లాల మధ్య చిచ్చుపెట్టి, కాఫీ తాగి వచ్చేవాడు.

నాది బట్టల సబ్బు. పేరు తెల్లకొంగ. నేనూ, మరో ఇద్దరు ఆడవాళ్లూ వెనకగదిలో కాచి, ముక్కలు కోసి, నీలం కాగితం చుట్టేవాళ్లం. ఒక పెద్ద కంపెనీ అదే నీలం కాగితంలో తెల్లకొంగు అని సబ్బు దింపింది. మా కొంగకు కొమ్ము మొలిచింది, అంతే తేడా. ఆరు నెలల్లో కొట్లవాళ్లు నా సరుకు వద్దన్నారు. కేసు వేశాను. కోర్టు ఆ సబ్బును ఆపకపోతే నా పొయ్యి ఆరిపోవడం ఖాయం.

నిపుణుడిగా మామయ్యనే పెట్టుకున్నాం. "అక్షరాలు, రంగు, పలికే తీరు, మీరు చూసింది రాయండి. తీర్పు మాత్రం రాయకండి," అంది లాయరమ్మ. "అసలు ఇదనుకుని అది కొన్నవాళ్లు ఎవరైనా తెలుసా? ఒక్కరు దొరికినా మనకు పట్టు దొరుకుతుంది."

మామయ్య కళ్లజోడు తుడుచుకుని, "తెలీదమ్మా," అన్నాడు.

పది పేజీలు రాశాడు. అలవాటుపడ్డ చెయ్యి ఊరుకుంటుందా? ప్రతి పేజీలోనూ అదే వాక్యం, చివర "ఇది చట్టప్రకారం తప్పే" అని కొసరు.

"మోసపోతారో లేదో తేల్చాల్సింది నేను. చట్టం మీరు నాకు చెప్పక్కర్లేదు," అన్నాడు జడ్జి. పది పేజీలూ అభిప్రాయమేనని, సాక్ష్యం కింద తీసుకోకుండా పక్కన పెట్టేశాడు. మా దగ్గర ఇంకేమీ లేదు. కేసు పోయింది.

వారం తర్వాత పొయ్యి పడగొట్టిస్తుంటే మామయ్య వచ్చాడు. సంచిలోంచి సగం అరిగిన సబ్బు తీశాడు, కాగితంతో సహా. తెల్లకొంగు.

"కేసుకు ముందే కొన్నా. నీదే అనుకున్నా. నాలుగు రోజులు వాడాక మీ అత్త చూసి చెప్పింది."

"మరి లాయరమ్మ అడిగినప్పుడు?"

"ముప్పై ఏళ్లు పోలికలు పట్టినవాణ్ణి. నేనే మోసపోయానని కోర్టులో ఎలా చెప్పను తల్లీ?"

నాకు ఒళ్లు మండింది. మేనమామ అని కూడా చూడకుండా గుమ్మం దిగమన్నాను.

నాతో పనిచేసిన ఆ ఇద్దరూ ఇప్పుడు తెల్లకొంగుకే కాగితం చుడుతున్నారు. మామయ్య ఏ బిడ్డను చేతికిచ్చినా ముక్కు జోలికి పోవడం లేదట. నేను ఆయనతో మాట్లాడి ఏడాదైంది.