మిస్సమ్మగారి చివరి మాట

రాజమండ్రి దగ్గర ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో నాకు నర్సు పని నేర్పినావిడను అందరం మిస్సమ్మగారు అనేవాళ్ళం. ఆవిడ క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందిన తెల్లదొరసాని. వాళ్ళ ఆరాధనలో పాస్టరు ఉండడు, పాటలు ఉండవు. అందరూ మౌనంగా కూర్చుంటారు. మా లూథరన్ చర్చిలో పాటలు సాగుతుంటే ఆవిడ చివరి బెంచీ మీద కళ్ళు మూసుకుని ఉండేవారు. ఎండాకాలంలో కూడా వేడినీళ్ళే తాగేవారు. చైనా అలవాటు.

వయసులో ఉండగా అక్కడ సిచువాన్ అనే రాష్ట్రంలో ఆడపిల్లలకు పురుళ్ళు పొయ్యడం నేర్పేవారట. కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చి విదేశీయులను వెళ్ళిపొమ్మన్నాక ఇక్కడికొచ్చారు.

"ఆ అమ్మాయిలు ఉత్తరాలు రాయరా అండి?" అని ఒకసారి అడిగాను.

"రాయొద్దని నేనే చెప్పానమ్మా. నాతో పరిచయం ఉందని తెలిస్తే వాళ్ళని బతకనివ్వరు."

వాళ్ళలో ఎవరు మిగిలారో ఆవిడకు చివరిదాకా తెలియలేదు.

ముసలితనంలో ముందు తెలుగు పోయింది, తర్వాత ఇంగ్లీషు. చైనా భాష ఒక్కటే మిగిలింది. నా చెయ్యి పట్టుకుని ఒకే మాట పదే పదే అనేవారు, జవాబు కోసం నా మొహంలోకి చూసేవారు. వేడినీళ్ళిచ్చాను, దుప్పటి కప్పాను, బైబిలు చదివాను. ఆవిడ అడిగింది అవేవీ కాదు. అలా అడుగుతూనే పోయారు.

కిందటేడు భీమవరంలో మా అల్లుడు పనిచేసే రొయ్యల మేత ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి ఒక చైనా ఇంజనీరు వచ్చాడు. సిచువాన్ వాడని తెలిసి వెళ్ళాను. అల్లుడు ఫోన్లో తర్జుమా పెట్టాడు. నేను ఆ మాట అన్నాను. అతను మళ్ళీ అనమన్నాడు. మళ్ళీ మళ్ళీ అన్నాను. చివరికి అది ఆవిడ మాటో, నా నోట్లో అరిగిపోయి మిగిలిన శబ్దమో నాకే తెలియకుండా పోయింది.

"అర్థం కావట్లేదంటున్నాడు, అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు.

క్వేకర్ల గురించి అడిగించాను. ఎప్పుడూ వినలేదట. వాళ్ళ ఊళ్ళో పెద్దాసుపత్రి ఉందట గానీ ఎవరు పెట్టారో తెలియదట. మర్యాదగా తల వంచి పనిలోకి వెళ్ళిపోయాడు.

అతన్ని అని ఏం లాభం? మా ఆసుపత్రే మూతపడి ఏళ్ళయింది. మొన్న ఆదివారం చర్చి బయట ఒక టీచరమ్మతో మిస్సమ్మగారి సమాధి పాడైపోతోందని అన్నాను.

"ఎవరండి ఆవిడ?" అంది.

చెప్పడానికి నోరు తెరిచాను. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తోచలేదు. చెప్పి ఏం చేయాలో కూడా తోచలేదు.

"ఎవరో లేమ్మా," అని ఆటో ఎక్కేశాను.