పక్క గడిలో గాలి

మా ఫిజిక్స్ ల్యాబ్ టెక్నీషియన్‌ది సముద్రం ఒడ్డునున్న యారాడ. ఆకాశం నుంచి రాలే కణాలను లెక్కించే యంత్రం దగ్గర కూర్చుని, గంటగంటకూ రిజిస్టరులో అంకె రాసేవాడు. ఎవరూ అడక్కపోయినా, అప్పుడు గాలి ఎలా ఉందో కూడా పక్క గడిలో రాసేవాడు. సముద్రం మీద వేటకెళ్లే ఇంట్లో పుట్టినవాడికి గాలి చూడకుండా చెయ్యి కదలదు.

ఆ కొలతలన్నీ ఎవరైనా వాడుకునేలా నెట్‌లో పెట్టాలనుకున్నాం. తుఫాను రోజు అంకెలు మాత్రం మరీ ఎక్కువగా ఉన్నాయి.

"యంత్రం పాడై ఉంటుంది. ఆ రోజు కొట్టేయ్," అన్నారు మా రీసెర్చ్ గైడు నాతో.

టెక్నీషియన్ రిజిస్టరు మీద అరచెయ్యి పెట్టాడు.

"యంత్రం బాగానే ఉంది సార్. నాను పక్కనే ఉన్నాను."

"చూసినవాళ్లు నవ్వుతారయ్యా!"

"నవ్వనీండి. కొట్టీమంటే నాను రాసినవన్నీ కొట్టీండి. ఒక్క రోజు తీసీసి మిగతావి నిజమంటే ఎవుడు నమ్ముతాడు?"

ఆ చెయ్యి తియ్యలేదు. గైడే బయటికి వెళ్లిపోయారు. నేను పక్క గడితో సహా అన్నీ ఎక్కించేశాను.

కొన్నాళ్లకు, ముఖమైనా తెలియని ఒక విద్యార్థి నుంచి మెయిల్ వచ్చింది. తుఫానుకి గాలి పీడనం పడిపోతే ఆ అంకె పెరగాల్సిందేననీ, పక్క గడిలో తుఫాను గాలి అని ఉండబట్టే పోల్చుకోగలిగాననీ రాశాడు. గైడు దాన్ని అందరికీ చదివి వినిపించారు.

టెక్నీషియన్ రిజిస్టరులోంచి తల ఎత్తలేదు.

"నవ్వేడా సార్?" అన్నాడు.