లెవెల్ బుక్కు చదివిన కంప్యూటర్

ఎనిమిదేళ్లపాటు నేను ఎన్నడూ చూడని వాగులను గీశాను. కరీంనగర్‌లో ఒక మేడమీది రెండు గదుల్లో మా డ్రాయింగ్ ఆఫీసు ఉండేది. దాన్ని నడిపేది నీటిపారుదల శాఖలో ఓవర్సీరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన. నేను ఆయన్ని సార్ అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవారు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు పూర్తిచేసిన ఏడాదే ఆయన దగ్గర చేరాను.

మా పనిలో ఎక్కువ భాగం ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చేది. ఉట్నూర్ ఏజెన్సీలో చిన్న కాలువలు తవ్వే కాంట్రాక్టర్లు సర్వే చేయించి లెవెల్ బుక్కులు పంపేవాళ్లు. లెవెల్ బుక్కు నిండా అంకెలే. కాలువ పోయే దారిలో ముప్పై మీటర్లకొకచోట ఆగి, అడ్డంగా అటూ ఇటూ నేల ఎంత ఎత్తులో ఉందో కొలిచి అందులో రాస్తారు. ఆ అంకెల ప్రకారం నేను గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టి, కలిపి, ట్రేసింగ్ షీటు మీద ఇంకు పెన్నుతో దిద్దేదాన్ని. దాన్ని క్రాస్ సెక్షన్ అంటాం. నేలను నిలువునా కోసి పక్కనుంచి చూస్తే కనిపించే గీత అన్నమాట. ఒక్కో కాలువకు ఇలాంటివి వంద దాకా ఉండేవి. నా చెయ్యి నిలకడైనది. ఇంకు ఒలికి షీటు పాడైన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

తొంభైల మొదట్లో ఒక కాలువ షీట్లన్నీ గీసి చుట్టిపెట్టాక, మధ్యలో అడవి భూమి వచ్చిందని కాలువ దారినే పక్కకు జరిపారు. కొత్త లెవెల్ బుక్కులు వచ్చాయి. సార్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మల్ల మొదటి నుంచి గీయాలె బిడ్డా."

"గీస్త సార్. కానీ గిది కంప్యూటర్ చేసే పని. అంకె ఇస్తే చుక్క పెడతది, చుక్కలను కలుపుతది. గంతే గదా."

ఊరికే అన్నమాట కాదది. అప్పటికే సాయంత్రాలు ఒక కంప్యూటర్ సెంటర్‌కు పోయి ఆరు నెలలు బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. ప్రోగ్రాం రాయడం నాకు కష్టమనిపించలేదు. క్రాస్ సెక్షన్ గీసేటప్పుడు మనసులో వేసుకునే అడుగులనే వరసగా కాగితం మీద పెట్టడం, అంతే.

సార్ రెండు రోజులు ఆలోచించి కంప్యూటర్ కొందామన్నారు. చిక్కు డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ దగ్గర వచ్చింది. పేరున్నదాని ఖరీదు కంప్యూటర్ కంటే ఎక్కువ. తెలిసినాయన ఒకరు దాన్నే ఫ్లాపీల్లో దొంగచాటుగా కాపీ చేసి ఇస్తానన్నాడు. సార్ ససేమిరా అన్నారు. "సర్కారు కాగితం మీద దొంగమాలుతోటి గీత గీస్తమా? వద్దు."

మూడు లెవెల్ బుక్కులు, నేను చేత్తో గీసిన కొన్ని షీట్లు సంచిలో పెట్టుకుని ఇద్దరం హైదరాబాద్ బస్సెక్కాం.

మొదటి షాపులో ఏసీ, మెత్తటి కుర్చీలు. అమ్మే ఆయన తెర మీద ఒక బంగళాను గిరగిరా తిప్పి చూపించాడు. సార్ నోరు తెరిచి చూశారు. నేను లెవెల్ బుక్కు తీసి, "ఈ అంకెలిస్తే బొమ్మ అదే గీసుకుంటదా?" అని అడిగాను. ప్రోగ్రాం రాసుకుంటే గీస్తుందన్నాడు. ధర చెప్పాక సార్ మెల్లగా లేచి నిలబడ్డారు. అమ్మే ఆయన ఊరుకోక, దానికే తమ్ముడులాంటిది చవకలో ఉందని చూపించాడు. గీతలు, కొలతలు అన్నీ ఉన్నాయి. ప్రోగ్రాం రాసుకునే వీలు మాత్రం తీసేశారు.

"చౌకల వస్తది గదా బిడ్డా, తీసుకుందామా?" అన్నారు సార్ బయటికొచ్చాక.

"గది కొంటే పెన్ను బదులు మౌసు వస్తది సార్. వంద గీతలు మల్ల నేనే గీయాలె."

ఎవరో చెబితే సాయంత్రానికి ఒక ఇరుకు మెట్లదారి ఎక్కి చిన్న గదికి చేరాం. అక్కడాయన అమ్మే సాఫ్ట్‌వేర్ పేరు మేం వినలేదు. అందులో బంగళాలు తిరగవు, రంగులు కూడా తక్కువే. ధర మాత్రం మాకు అందేలా ఉంది. దాంతోపాటు ప్రోగ్రాములు రాయడం గురించి లావుపాటి పుస్తకం ఒకటి ఇస్తారట.

"మీ ప్రోగ్రామర్‌ను తీసుకురండి, చూపిస్తాను" అన్నాడాయన సార్‌తో.

"నేనే రాస్త. జర కంప్యూటర్ ముందర కూసోనిస్తరా?" అన్నాను.

అరగంట పుస్తకం తిరగేశాను. బేసిక్‌కు దగ్గరి చుట్టంలాగే ఉంది. దూరం, ఎత్తు చదువుకుని ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు గీత వేసేలా పన్నెండు వరసలు రాసి నడిపించాను. తెర ఖాళీగా ఉంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. సార్ నా ముఖంలోకి చూశారు.

నాకు మాత్రం గాబరా కాలేదు. తప్పు ఎక్కడుందో వెదకాలి, అంతే. లెవెల్ బుక్కులో ఎత్తులు సముద్రమట్టం నుంచి రాస్తారు. ఉట్నూర్ నేల మూడు వందల మీటర్ల పైమాటే. నా గీత అంత పైకి, తెర దాటి ఎక్కడో పడింది. చేత్తో గీసేటప్పుడు ఆ మూడు వందలు తీసేసి మిగతాదే గీస్తాం. చేతికి అలవాటైపోయి ప్రోగ్రాంకు చెప్పడం మరిచాను. ఒక వరస కలిపి మళ్లీ నడిపించాను. వాగు వచ్చింది. ఎడమ ఒడ్డు నిటారుగా, కుడి ఒడ్డు వాలుగా.

సార్ సంచిలోంచి నా పాత షీటు తీసి తెర పక్కన పట్టుకున్నారు. "అచ్చం గట్లనే ఉన్నది. గా ఒడ్డు మీద నేను నిలబడ్డ బిడ్డా" అన్నారు. బేరం కూడా ఆడకుండా అక్కడే కొనేశారు.

కంప్యూటర్, ప్రింటర్ కూడా ఆఫీసుకు వచ్చి నెల తిరిగేసరికి వారం రోజుల పని ఒక పూటకు వచ్చింది. అప్పుడే దెబ్బ తగిలింది. ఉట్నూర్ నుంచి సర్వేయర్ ఒక షీటు పట్టుకొచ్చి నా ముందు పరిచాడు.

"మేడం, వాగు నడిమిట్ల గీ గుట్ట ఎప్పుడు లేసింది?"

అతను రాసిన మూడును నేను ఎనిమిదిగా చదివి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. చేత్తో గీసి ఉంటే అంత ఎత్తు చుక్క పెట్టగానే అనుమానం వచ్చేది. ప్రోగ్రాంకు అనుమానం రాదు. సిగ్గేసింది. షీటు సరిచేసి ఇచ్చి, ఆ సాయంత్రమే ప్రోగ్రాంలో ఇంకో నాలుగు వరసలు కలిపాను. పక్కపక్క చుక్కల మధ్య ఎత్తు రెండు మీటర్లకు మించి మారితే అక్కడ ఎర్ర సున్న చుట్టమని. మొదటి షాపులో చూసిన ఆ చవక తమ్ముడిని కొని ఉంటే ఈ పని చేయలేకపోయేదాన్ని.

తర్వాతి కాలువకు ఒకేచోట ఎర్ర సున్న పడింది. నేను ఎక్కించింది సరిచూశాను, బుక్కులో ఉన్నదే. సర్వేయర్‌కు కబురు పెడితే తాను రాసింది సరిగ్గానే ఉందన్నాడు. సార్‌తో, "నేనే పోయి చూసొస్త" అన్నాను. ఆయన నవ్వి బస్సు చార్జీలిచ్చారు.

ఇచ్చోడలో బస్సు దిగి, కాంట్రాక్టర్ జీపులో ఉట్నూర్ దాటి, నేను, సర్వేయర్ ఒక మైలు నడిచాం. టేకు ఆకులు కాళ్లకింద పెద్దగా చప్పుడయ్యాయి. అతను ముందు నడుస్తూ ఒకచోట ఆగి, "జర పైలం మేడం" అన్నాడు. అతని కాళ్ల ముందు నేల నిలువునా తెగిపోయి, రెండు నిలువుల కింద నల్లటి బండ మీంచి సన్నగా నీళ్లు పారుతున్నాయి. అతను మళ్లీ కొలిచి అంకె పైకి చదివాడు. బుక్కుతో సరిపోయింది.

నేను పెన్సిల్ తీసి షీటు మీద ఎర్ర సున్న పక్కన 'నిజమే' అని రాసి సంతకం పెట్టాను.